నా అనుభవం: చిన్న చేతులకు సరిపోయే ఐదు తీగల బాస్ దొరికేదాకా

ఐదు తీగల బాస్ గిటార్ కొనాలని ఏప్రిల్‌లో అనుకున్నాను. జులై ఆఖరుకి ఇంటికొచ్చింది. ఆగస్టు సగం గడిచాక గానీ చర్చిలో వాయించడానికి తయారవలేదు. ఈ మధ్యలో ఏం జరిగిందో, డబ్బు ఎక్కడెక్కడ ఖర్చయిందో రాస్తున్నాను. మాది గుంటూరు. క్వైర్‌లో చాలా ఏళ్లుగా బాస్ వాయిస్తున్నాను. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, చేతులూ దానికి తగ్గట్టే ఉంటాయి. నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడుగాటి పిడి) గురించి నేను చెప్పేదంతా ఆ చేతుల లెక్కలో చెప్పేదే. పొడుగాటి వేళ్లున్న వాళ్లకు నేను వద్దనుకున్నదే హాయిగా ఉండొచ్చు.

నాలుగు తీగలు ఎందుకు చాలలేదంటే, మా క్వైర్‌లో ముందు పాడే మనిషి మారాడు. ఇన్నాళ్లూ ఆడవాళ్లు పాడేవాళ్లు, పాటలు ఐదు, ఐదున్నర శ్రుతిలో ఉండేవి. ఈ ఏడాది ఒక తమ్ముడు లీడ్ తీసుకున్నాడు. మంచి గంభీరమైన గొంతు, పాటలన్నీ రెండు, రెండున్నరకు దిగిపోయాయి. కొన్నయితే ఒకటికి కూడా. కీబోర్డ్ అన్నయ్యకేం, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే అయిపోతుంది. నా బాస్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఇ (E). అంటే మూడు శ్రుతి షడ్జమం (స) దగ్గర నా వాయిద్యం ఆగిపోతుంది. రెండు శ్రుతి పాటకు షడ్జమం కావాలంటే ఏ (A) తీగ మీద ఐదో ఫ్రెట్‌కు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్లో ఐదోదానికి) ఎక్కాలి. స్వరం అదే, కానీ ఒక స్థాయి పైన పలుకుతుంది, పాట కింద నేల లేనట్టుంటుంది. ఏప్రిల్ 18 గుడ్ ఫ్రైడే ఆరాధనలో అన్నీ నెమ్మది పాటలే. అయ్యాక సౌండ్ చూసే అబ్బాయి వచ్చి, "అక్కా, ఇవాళ బాస్ వినిపించలేదేంటి, వాల్యూమ్ ఫుల్లుగానే పెట్టానే" అన్నాడు.

కొనకుండా గడిచే దారి ఉందేమోనని మొదట చూశాను. ఇ తీగను డికి దించి వాయించడం ఒక దారి. రెండు శ్రుతి పాటలకు బాగానే ఉంది. కానీ వెంటనే ఒకటి శ్రుతి పాట వస్తే మళ్లీ మొదటికే. పైగా ఆ ఒక్క తీగ మీద వేళ్ల లెక్కంతా రెండు ఫ్రెట్లు పక్కకు జరుగుతుంది. ఐదు తీగల బాస్‌లో ఇ కన్నా కింద పలికే బి తీగ ఒకటి అదనంగా ఉంటుంది. ఇంకో దారి, ఐదు తీగల సెట్ కొని, అన్నిటికన్నా హెచ్చుగా పలికే జి తీగ వదిలేసి బి, ఇ, ఏ, డి వేసుకోవడం. బి తీగ చాలా లావు, మామూలు సెట్లలో 130, అంటే అంగుళంలో వెయ్యింటికి 130 వంతులు. నాలుగు తీగల బాస్ నట్‌లో, అంటే తల దగ్గర తీగలు ఆనే పట్టీలో, ఉండే గాడి 105 కోసం కోసింది, అందులో ఇది కూర్చోదు, గాడి అరగదీయాలి. అది చేయించినా జి తీగ పోతుంది. చరణానికి ముందు వచ్చే బిట్లన్నీ నేను ఆ తీగ మీదే వాయిస్తాను. అందుకని ఆ ఆలోచన మానేశాను.

మే నెల మొదట్లో తెనాలిలో పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించే మా దూరపు బాబాయి తన ఐదు తీగల బాస్ ఇచ్చాడు. "ఇప్పుడు నాకు ప్రోగ్రాములు తక్కువేలేమ్మా, రెండు వారాలు నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. కొనే ముందు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని ఇంట్లో వాయించి చూడటం కన్నా మేలైన పని లేదు. షాపులో పావుగంట వాయిస్తే తెలియనివన్నీ ఇక్కడ తెలిశాయి.

మొదటి రోజు అరగంటకే ఎడమ బొటనవేలి మొదట్లో పట్టేసింది. మర్నాడు మణికట్టు. కారణం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. బి తీగ మనకు అన్నిటికన్నా పైన, ముఖం వైపు ఉంటుంది. దాన్ని నొక్కాలంటే వేళ్లు నెక్ వెడల్పంతా దాటి రావాలి. అప్పుడే మణికట్టు బాగా వంగేది. పైగా నాకు కావలసిన కింది స్వరాలన్నీ ఆ తీగ మొదటి నాలుగు ఫ్రెట్లలోనే ఉన్నాయి. ఒకటి శ్రుతికి ఒకటో ఫ్రెట్, ఒకటిన్నరకు రెండు, రెండుకు మూడు, రెండున్నరకు నాలుగు. అంటే చెయ్యి అంత దూరం చాచి, అంతగా వంచి పట్టుకోవాల్సిన చోటే నాకు ఎక్కువ పని. పన్నెండో ఫ్రెట్ దగ్గర నెక్ ఎంత హాయిగా ఉందన్నది నాకు అనవసరం. ఆ తరవాత ఏ బాస్ చేతికిచ్చినా ముందు ఆ నాలుగు ఫ్రెట్ల దగ్గరికే వెళ్లాను.

మా ఆయనకు ఆటోనగర్‌లో లేత్ షాపు ఉంది. వెర్నియర్ కాలిపర్ తెప్పించి ఆ బాస్‌ను కొలిచాను. నట్ దగ్గర వెడల్పు దాదాపు 48 మి.మీ. నా నాలుగు తీగలదానికి 38. తప్పంతా వెడల్పుదే అనుకున్నాను. కానీ మే నెల గుంటూరు ఎండల్లో చేతికి చెమట ఆగదు కదా, నెక్ వెనక నిగనిగలాడే పాలిష్ మీద బొటనవేలు అతుక్కుపోతోంది. చెయ్యి జరపాల్సిన ప్రతిసారీ పట్టు వదిలి మళ్లీ పట్టుకోవాల్సి వస్తోంది. ఒకరోజు చేతికి పౌడర్ రాసుకుని వాయించాను. గంట దాకా నొప్పి రాలేదు! నెక్ వెడల్పు మారలేదు, మందం మారలేదు, చెయ్యి జారింది, అంతే. ఆ రోజు నుంచి నా జాబితాలో మొదటి షరతు: నెక్ వెనక పాలిష్ ఉండకూడదు, నునుపుగా రుద్దిన చెక్కలా ఉండాలి. షాపుల వాళ్లు దాన్ని మ్యాట్ అనో, శాటిన్ అనో అంటారు.

బరువు కూడా తూచాను, సామాన్లు వేలాడదీసే చేతి త్రాసుతో. నాలుగున్నర కిలోలు దాటింది. బరువు కన్నా ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. బెల్టు వేసుకుని నిలబడి చేతులు వదిలేస్తే తల భాగం నేల వైపు వాలిపోతుంది. తీగలు బిగించే చెవులు ఐదుంటాయి కదా, తల బరువెక్కుతుంది. అది పడకుండా ఎడమ చెయ్యి మోస్తూ ఉంటుంది, అదే చెయ్యి వాయిస్తూ ఉంటుంది. కూర్చుని వాయిస్తే ఈ సంగతి బయటపడదు.

బాబాయికి తిరిగిచ్చేటప్పటికి నా కొలతలు ఒక కాగితం మీద ఉన్నాయి. స్కేల్ లెంగ్త్, అంటే తీగ పలికే పొడవు, 34 అంగుళాలు దాటకూడదు. 35 అంగుళాల మోడళ్లలో బి తీగ బిగువుగా, శుభ్రంగా పలుకుతుందని అంటారు. నిజమే, పొడవు పెరిగితే అదే స్వరానికి బిగువు పెరుగుతుంది. కానీ ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కు దూరం లెక్కవేస్తే 34 అంగుళాలదానిలో సుమారు 130 మి.మీ., 35దానిలో 133 దాటుతుంది. తేడా నాలుగు మిల్లీమీటర్లలోపే కదా అనిపిస్తుంది. నా చిటికెన వేలు ఆ 130కే కష్టంగా అందుతోంది. మా ఆయన ఆ కాగితం చూసి, "బాస్ కొంటున్నావా, బేరింగ్ కొంటున్నావా" అన్నాడు.

విజయవాడ షాపుల్లో పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నాలుగు తీగలవి రెండు మూడు గోడకున్నాయి, ఐదు తీగలది ఒకచోట డబ్బాలో ఉంది, తీసి చూపించడానికి ఇష్టపడలేదు. మిగతా చోట్ల "ఆర్డర్ పెట్టండి మేడం, వారంలో తెప్పిస్తాం" అన్నారు. వాయించి చూసి నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా అంటే, తీసుకోరు. నెక్ పట్టుకోకుండా ముప్పై వేలు కట్టలేను కదా.

జూన్ రెండో వారంలో హైదరాబాద్ వెళ్లాను. మా తమ్ముడు సికింద్రాబాద్‌లో ఉంటాడు, వాడిని వెంటబెట్టుకుని షాపులన్నీ తిరిగాను. ప్రతి షాపులోనూ జరిగిందొకటే: బాస్ తీసి తమ్ముడి చేతికిస్తారు. వాడికి గిటార్‌కూ వీణకూ తేడా తెలియదు. "అక్కకండీ" అని వాడు చెప్పాక నా వైపు చూస్తారు. ఒకాయన "మీరా మేడం, బాస్ బరువుగా ఉంటుంది, ఉకులేలే చూపించమంటారా" అన్నాడు. కోపం రాలేదని చెప్పను. కానీ వాయించడం మొదలుపెట్టాక ఆయనే పెద్ద ఆంప్‌కు (స్పీకర్ ఉండే యాంప్లిఫైయర్‌కు) కనెక్ట్ చేసిచ్చాడు.

ఆంప్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. షాపుల్లో వినిపించేది చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లో. వాటిలో ఎనిమిది అంగుళాల స్పీకర్ ఉంటుంది. ఖాళీ బి తీగ స్వరం సెకనుకు దాదాపు 31 కంపనాలు, ఆ స్పీకర్ దాన్ని పలకలేదు. వినిపించేది దానిపైన పలికే ఉపస్వరాలే. అందుకని అన్ని బాస్‌లలోనూ బి తీగ ఒకేలా, బురదగా వినిపిస్తుంది. పెద్ద ఆంప్ అడగాలి, లేదంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి. నేను ఇంటి నుంచే హెడ్‌ఫోన్స్ తీసుకెళ్లాను.

నా చేతికి వచ్చినవాటిలో చెప్పుకోదగ్గవి ఇవి. యమహా టీఆర్‌బీఎక్స్305: నట్ 43 మి.మీ., అంటే ఐదు తీగలవాటిలో బాగా ఇరుకు. బ్రిడ్జి దగ్గర, అంటే బాడీ మీద తీగలు ఆనే చోట, తీగకూ తీగకూ మధ్య దూరం మాత్రం 18 మి.మీ., కుడిచేతికి విశాలంగా ఉంటుంది. ఇబానెజ్ ఎస్‌ఆర్305 దీనికి ఎదురు: నట్ 45, బ్రిడ్జి దగ్గర తీగల మధ్య దూరం 16.5. కాగితం మీద చూస్తే నాకు యమహాయే సరిపోవాలి, రెండు మిల్లీమీటర్లు తక్కువ కదా! తీరా పట్టుకుంటే చెయ్యి రెండోదాని మీదే నిలిచింది. ఎస్‌ఆర్ నెక్ పలచన. ఆ వరస బాస్‌లకు పేరొచ్చిందే దానివల్ల. వెనక బొటనవేలు, ముందు వేళ్లు దగ్గర దగ్గరగా ఉంటే బి తీగ అందుకోవడానికి మణికట్టు అంత వంగనక్కర్లేదు. వెడల్పు రెండు మిల్లీమీటర్లు ఎక్కువైనా, మందం తగ్గడం నాకు ఎక్కువ కలిసొచ్చింది. షాపువాళ్లను అడిగితే నట్ వెడల్పే చెబుతారు. మందం ఎవరూ చెప్పరు, అడిగినా తెలియదు. వెర్నియర్ బయటికి తీస్తే వింతగా చూశారు గానీ ఎవరూ వద్దనలేదు.

ఫెండర్ ఐదు తీగల జాజ్ బాస్ తరహాలో ఉండేవాటికి నట్ 1.875 అంగుళాలు, దాదాపు 47.6 మి.మీ. నాకు బాబాయి బాస్ గుర్తొచ్చి ఎక్కువసేపు పట్టుకోలేదు. బొటనవేలితో కొట్టి వాయించేవాళ్లకు తీగల మధ్య ఆ జాగా కావాలి. నేను వేళ్లతో మీటేదాన్ని, కుడిచెయ్యి కూడా చిన్నదే, 16.5 నాకు బాగుంది.

ఇబానెజ్‌లోనే చవకైన జీఎస్‌ఆర్205 కూడా వాయించాను. ధర ముప్పై వేలకు అటూ ఇటూ చెప్పారు. నెక్ ఎస్‌ఆర్ అంత పలచన కాదు, అయినా బాబాయి బాస్‌తో పోలిస్తే చాలా నయం. తమ్ముడు "తీసేసుకో అక్కా" అని పోరు పెట్టాడు. ఎస్‌ఆర్305, యమహా రెండూ నలభై వేలు దాటాయి. సాయంత్రం షాపు మూసే వేళ దాకా ఆలోచించి, చెయ్యి దేనిమీద ఆగిందో దాన్నే పాతది వెతుకుదామని ఉత్త చేతులతో గుంటూరు బండెక్కాను. ఆ ప్రయాణం పొడుగునా తీసుకోవాల్సిందేమో అన్న దిగులే.

తరవాత ఆరు వారాలు ఫోన్‌లో వెతకడమే. ఇక్కడ ఒక హెచ్చరిక. ధర మరీ తక్కువ పెట్టి, "నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, రవాణా ఖర్చు ముందు పంపితే పార్శిల్ పంపిస్తా" అనేవాళ్లు చాలామంది తగిలారు. ఫొటోలు బాగుంటాయి, యూనిఫాంలో ఐడీ కార్డు కూడా పంపుతారు. నేను అందరినీ ఒకటే అడిగేదాన్ని: "నట్ దగ్గర స్కేలు పెట్టి ఒక ఫొటో తీసి పంపండి." బాస్ నిజంగా దగ్గరున్నవాళ్లు పంపారు. లేనివాళ్లు మాయమయ్యారు.

జులై మూడో వారంలో విశాఖపట్నం నుంచి ఒక అబ్బాయి దొరికాడు. ఎంఎస్ చదవడానికి ఆగస్టులో అమెరికా వెళ్తున్నాడు, ఎస్‌ఆర్305 అమ్మకానికి పెట్టాడు. రెండేళ్లు వాడాడు, బిల్లు ఉంది. ముప్పై వేలు అడిగాడు. జూన్, జులై నెలల్లో మన రాష్ట్రాల్లో బైకులు, గిటార్లు, కీబోర్డులు ఇలాగే అమ్మకానికి వస్తుంటాయి, వీసా ముద్ర పడగానే. పాతది కొనాలనుకునేవాళ్లు ఆ నెలలు చూసుకోవడం మంచిది. శనివారం, జులై 26న సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాను, పగటి బండి, సాయంత్రానికి దించింది.

వాళ్లింట్లో సూట్‌కేసులు హాలంతా పరిచి ఉన్నాయి. వాళ్లమ్మగారు ఒకపక్క పచ్చళ్లు ప్యాక్ చేస్తూనే కాఫీ ఇచ్చారు. నేను గంటన్నర పైనే బాస్‌తో కూర్చున్నాను, ఆ అబ్బాయి ఓపికగా ఉన్నాడు. ఏం చూశానో వరసగా చెబుతాను, పాత బాస్ కొనేవాళ్లకు పనికొస్తుంది. ముందు కింద నుంచి నెక్ పొడుగునా ఒక కన్ను మూసి చూశాను, మెలి తిరిగిందేమోనని. తరవాత ఒక తీగను ఒకటో ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీలో కలిసేచోట ఉన్న ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూశాను. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే సరే. ఇక్కడ అంతకన్నా ఎక్కువే ఉంది, నెక్ కాస్త ముందుకు వంగింది. దాన్ని సరిచేసేది లోపలుండే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ. తల దగ్గర చిన్న మూత తీసి అలెన్ కీతో పావు తిప్పు తిప్పమని ఆ అబ్బాయినే అడిగాను. తిరిగింది. అది తుప్పుపట్టి బిగుసుకుపోయినా, ఇప్పటికే ఆఖరు దాకా బిగించేసి ఉన్నా, ఎంత తక్కువకిచ్చినా ఆ బాస్ వద్దు.

తరవాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ వాయించాను, ఎక్కడైనా స్వరం చచ్చిపోతోందా, గరగరమంటోందా అని. బి తీగ ఐదో ఫ్రెట్ మీద పలికే ఇ, ఖాళీ ఇ తీగ, రెండూ మార్చి మార్చి విన్నాను. బి తీగ మొద్దుగా ఉంది. తీగ పాతబడిందా, బాస్ గుణమే అంతా అన్నది అప్పుడు చెప్పలేం. మిగతా తీగలూ అంతే మొద్దుగా ఉన్నాయి కాబట్టి తీగలదే లోపమనుకున్నాను. గుండీలు తిప్పుతుంటే ఒకటి కరకరలాడింది. వెనక బ్యాటరీ అర తెరిచి తుప్పు ఉందేమో చూశాను, లేదు. ఆఖరుకి బెల్టు వేసుకుని నిలబడి, రెండు చేతులూ వదిలేశాను. తల కాస్త దిగి, భుజం ఎత్తున ఆగింది.

తీగలు మార్చాలి, సెటప్ చేయించాలి, గుండీ శుభ్రం చేయించాలి అని లెక్క చెప్పాను. ఇరవై ఆరున్నర వేలకు తెగింది, పాత బ్యాగుతో సహా. వాళ్లమ్మగారు "మా వాడు చాలా ఇష్టంగా కొనుక్కున్నాడమ్మా" అన్నారు. ఆ అబ్బాయి మాత్రం బ్యాగు జిప్ తనే వేసి, ఇంకేమీ మాట్లాడలేదు. ఫోన్‌పేలో డబ్బు పంపి, బిల్లు మీద అమ్మినట్టు రాయించి సంతకం తీసుకున్నాను. అసలు బిల్లులో 18 శాతం జీఎస్టీ కలిపి అతను కట్టింది చూస్తే నాకు గిట్టుబాటే.

గుంటూరు వచ్చాక కొత్త తీగల సెట్ తెప్పించాను, 45 నుంచి 130 దాకా ఉండేది, రెండు వేల ఎనిమిది వందలు. కొరియర్ నాలుగు రోజుల్లో అన్నారు, పది రోజులు పట్టింది. ఐదు తీగల సెట్ అన్నిచోట్లా నిల్వ ఉండదు, ఇది ముందే తెలుసుకుని ఉంటే మంచిది. విజయవాడలో సెటప్ చేసే టెక్నీషియన్ పదిహేను వందలు తీసుకున్నాడు, వారం పెట్టుకున్నాడు. నెక్ వంపు తీశాడు, తీగలు కిందికి దించాడు, ఒక్కో తీగకూ బ్రిడ్జి దగ్గర పొడవు సర్ది శ్రుతి సరిచేశాడు, కరకరలాడే గుండీకి క్లీనర్ కొట్టాడు. నట్‌లో గాళ్లు కాస్త లోతు చేయనా అని అడిగాడు. అక్కడే నాకు అసలు తేడా కనబడింది. నట్ ఎత్తుగా ఉంటే ఒకటో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కడానికి బలం కావాలి, నా పనంతా అక్కడే కదా. అది దించాక వేళ్లకు సగం శ్రమ తగ్గింది. ఒక్క మాట: నట్ గాడి ఎక్కువ దించితే ఖాళీ తీగ ఫ్రెట్‌కు తగిలి గరగరమంటుంది, మళ్లీ నట్ మార్చాల్సిందే. అందుకని తెలిసినవాళ్ల చేతే చేయించాలి. నన్నడిగితే సెటప్‌కు పెట్టిన ఆ పదిహేను వందలు నా చేతికిచ్చిన సుఖం, రెండు మోడళ్ల మధ్య ఉన్న పదివేల తేడా ఇవ్వదు.

ఇంట్లో శ్రుతి చేసుకోవడం దగ్గర చిన్న చికాకు. ఫోన్‌లో ట్యూనర్ బి తీగను గుర్తుపట్టలేక అటూ ఇటూ ఊగుతుంది. పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి హార్మోనిక్ పలికిస్తే వెంటనే పట్టుకుంటుంది. ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: వాయించని బి తీగ తనంతట తనే మోగుతూ ఉంటుంది. మిగతా తీగల మీద ఏం మీటినా కింద నుంచి ఒక గుయ్‌మనే మోత. కుడిచేతి బొటనవేలు పికప్ (తీగల శబ్దాన్ని పట్టే భాగం) మీద ఆనించే అలవాటు మాని బి తీగ మీద ఆనించాలి, హెచ్చు స్వరాల తీగలకు వెళ్తే బొటనవేలూ వెంట జరగాలి. ఎడమచేతి నెక్ గురించి ఇంత ఆలోచించాను గానీ, ఎక్కువ రోజులు పట్టింది ఈ కుడిచేతి బొటనవేలికే. కళ్లు మూసుకుని రోజూ కాసేపు తీగలు లెక్కపెట్టుకుంటూ సాధన చేశాను, పైనున్న తీగ ఇ కాదు, బి అని చేతికి ఎక్కేదాకా.

ఆగస్టు 17 ఆదివారం మొదటిసారి చర్చిలో వాయించాను. రెండు శ్రుతి పాట, బి తీగ మూడో ఫ్రెట్ మీద డి నొక్కాను. ఏమీ లేదు! నా పక్కనున్న చిన్న ఆంప్‌లో కాస్త వినిపిస్తోంది గానీ హాలులో లేదు. ఆరాధన అయ్యాక సౌండ్ అబ్బాయీ నేనూ మిక్సర్ దగ్గర కూర్చుని వెతికితే దొరికింది. ఛానల్ మీద లో కట్ అని ఒక బటన్, అది నొక్కి ఉంది. మైకులకు గాలి చప్పుడు, స్టాండు తగిలిన చప్పుడు రాకుండా పెట్టే బటన్ అది. సాధారణంగా సెకనుకు 80కో 100కో కంపనాల కింద ఉన్నదంతా తగ్గించేస్తుంది. నేను కొత్తగా సంపాదించుకున్న స్వరాలన్నీ 31కీ 41కీ మధ్యే. నాలుగు తీగల బాస్‌కు కూడా ఇన్నాళ్లూ అది నొక్కే ఉందట. బటన్ తీసి ఖాళీ హాలులో మళ్లీ వాయిస్తే పక్క గోడనున్న కిటికీ అద్దాలు గిలగిలలాడాయి. అబ్బాయి ముఖం వెలిగిపోయింది, "ఇదక్కా కావలసింది" అన్నాడు. నిజానికి మా స్పీకర్ పెట్టెలు అంత కిందికి పూర్తిగా పలకవు, సబ్ వూఫర్ ఉంటే గానీ మొత్తం రాదు. పాస్టర్ గారిని ఇప్పుడే అడిగే ధైర్యం లేదు.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. ఈ బాస్‌లో స్వరాన్ని దిద్దే సర్క్యూట్ తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది, వాయించినా వాయించకపోయినా. శనివారం ప్రాక్టీస్ అయ్యాక కేబుల్ తీసేయడం, బ్యాగులో ఒక బ్యాటరీ అదనంగా ఉంచడం అలవాటు చేసుకోవాలి. మంచిది కొంటే మూడు వందల దాకా అవుతుంది. బెల్టు కూడా మార్చాను. పాతది సన్నం, భుజం కోస్తోంది. మూడంగుళాల వెడల్పున్నది, లోపల వైపు గరుకు తోలుతో, పన్నెండు వందలు. గరుకుగా ఉండటం వల్ల చొక్కా మీద జారదు, తల వాలడం ఇంకా తగ్గింది. బెల్టు రెండంగుళాలు పొట్టి చేసి బాస్‌ను పైకి పెట్టుకుంటే మణికట్టు నిటారుగా ఉంటుంది. చూడటానికి స్టైలుగా ఉండదని మా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

మొత్తం లెక్క: బాస్ 26,500, తీగలు 2,800, సెటప్ 1,500, బెల్టు 1,200, బ్యాటరీ 300. 32,300 అయింది. హైదరాబాద్, విశాఖ రైలు ఖర్చులు ఇందులో కలపలేదు, కలిపితే ముప్పై నాలుగు దాటుతుంది. అనుకున్న ముప్పై దాటినా, అదే మోడల్ కొత్తది కొని ఇదే సెటప్ చేయించే ఖర్చు కన్నా బాగా తక్కువ. నాలుగు తీగలది అమ్ముదామనుకున్నాను గానీ, సండే స్కూల్‌లో ఒక అమ్మాయి నేర్చుకుంటానంటే ఇచ్చాను.

మూడు గంటల ప్రాక్టీస్ తరవాత కూడా బొటనవేలు ఇప్పుడు పట్టేయడం లేదు. ఒకటో ఫ్రెట్ దగ్గర సి ఎక్కువసేపు నిలపాల్సి వస్తే చూపుడు వేలు ఇంకా అలుస్తుంది. క్రిస్మస్ ముందు తీగలు మార్చే సమయానికి బి తీగ 130 బదులు 135 వేసి చూద్దామని ఉంది, బిగువు కాస్త పెరుగుతుందని. ఆ లావుకు నట్ గాడి సరిపోతుందో లేదో టెక్నీషియన్‌ను అడిగి గానీ ఆర్డర్ పెట్టను. కొరియర్ ఆలస్యం తెలుసు కాబట్టి నవంబరు మొదట్లోనే అడగాలి.